మూడు దీవులు, ఒక మొండి చెవి

స్కూబా డైవింగ్‌కని మెక్సికో దీవి కొజుమెల్ వెళ్లి, వీపున గాలి ట్యాంకుతో పడవ అంచు మీద నుంచి వెనక్కి వాలి సముద్రంలోకి దిగాను. నాలుగు మీటర్ల లోతుకు వెళ్లేసరికి నా ఎడమ చెవి మొరాయించింది. చెవి లోపలి ఒత్తిడి సర్దుకోవడానికి ముక్కు పట్టుకుని గాలి ఊదాను. తెరుచుకోలేదు. ఇలాంటప్పుడు కాస్త పైకి లేచి, నొప్పి తగ్గాక మళ్లీ ప్రయత్నించాలని హ్యూస్టన్‌లో ఈతకొలనులో నేర్పారు. కొలనులో నీళ్లు కదలవు. కొజుమెల్‌లో నిలవవు. నేను రెండు మీటర్లు పైకి లేచి సర్దుకునేలోగా గైడూ, మిగిలిన ఆరుగురూ ప్రవాహంతో పాటు ముందుకు సాగిపోయారు. మా వారు మాత్రం నా దగ్గర ఉండటానికి ఏటికి ఎదురీదుతున్నట్టు కాళ్లు ఆడిస్తూ ఉన్నారు. చివరికి ఇద్దరం పైకి తేలాం. పడవ వచ్చి ఎక్కించుకుంది. నలభై నిమిషాలు మిగతావాళ్ల బుడగలు చూస్తూ కూర్చున్నాం.

ఆ నలభై నిమిషాల్లో అర్థమైన సంగతే మా తర్వాతి రెండు యాత్రలనూ నడిపించింది. మేము రిసార్టును ఎంచుకున్నది పగడాల ఫోటోలు, గది కిటికీ, అల్పాహారం చూసి. నీళ్లలోకి ఎలా దించుతారు, చెవి తెరుచుకోకపోతే ఏం చేస్తారు అన్న ప్రశ్నలు మాకు తట్టనే లేదు.

నాకు నలభై రెండేళ్లు, మా వారికి నలభై ఏడు. తెనాలి దగ్గర మా ఊరి కాలువలో జీలుగు బెండ్లు నడుముకు కట్టుకుని ఈత నేర్చుకున్నదాన్ని కాబట్టి నాకు నీళ్ల భయం లేదు. డైవింగ్ కోర్సులో ఆగకుండా 200 మీటర్లు ఈదడం, పది నిమిషాలు తేలి ఉండటం సులువుగానే గడిచాయి. మా వారికి అడ్డుపడింది ఈత కాదు, కాగితం. నలభై ఐదు దాటి రక్తపోటు ఉంటే డాక్టరు సంతకం లేనిదే నీళ్లలోకి దించరు. మాత్రలు వేసుకునేవాళ్లు ఈ సంతకం ఇంటి దగ్గరే పెట్టించుకుని వెళ్లాలి. దీవిలో దిగాక డాక్టరును వెతుక్కుంటూ ఒక రోజు పోగొట్టుకున్న జంటను మేమే చూశాం.

పాఠాలు, కొలను తరగతులు హ్యూస్టన్‌లో పూర్తిచేసి, సముద్రంలో చేయాల్సిన నాలుగు డైవ్‌లను మాత్రం కొజుమెల్‌కు బదిలీ చేయించుకున్నాం. దీన్ని రెఫరల్ అంటారు. సెలవు రోజులు తరగతి గదిలో కరిగిపోకుండా కాపాడే ఏర్పాటు ఇది. నా అభిప్రాయంలో కొత్తవాళ్లకు ఇదే మంచి దారి. కొజుమెల్‌లో ఆ నాలుగు డైవ్‌లూ చక్కగా జరిగాయి. మా ఇద్దరికే ఒక శిక్షకుడు, నిదానస్తుడు. నేను ఒక్కో మీటరుకూ ఆగితే తనూ ఆగేవాడు. తీరా డైవింగ్ అర్హత కార్డు చేతికి రాగానే అదే దుకాణం వాళ్లు మూడో రోజు మమ్మల్ని వందల డైవ్‌లు చేసినవాళ్ల పడవలో కూర్చోబెట్టారు. మా కార్డు ప్రకారం 18 మీటర్లు దాటకూడదు. ఆ రోజు మొదటి డైవ్ 25 మీటర్ల లోతున, నిట్టనిలువుగా దిగే పగడపు గోడ పక్కన. అడిగితే, "మీరు కొంచెం పైన ఉండండి" అన్నారు. అడుగు కనిపించని నీలంలో, ప్రవాహంలో, ఐదో డైవ్ చేసే మనిషి 'కొంచెం పైన' ఎలా నిలబడాలో చెప్పలేదు. చెవి మొరాయించింది కాబట్టి ఆ పరీక్ష తప్పింది. దానికి నేను ఇప్పటికీ కృతజ్ఞురాలినే.

కొజుమెల్ మీద నాకు కోపం లేదు. అక్కడ డైవింగ్ పద్ధతే అది. ప్రవాహం మోసుకుపోతుంది, పడవ వెంటాడి వచ్చి ఎక్కించుకుంటుంది. శరీరాన్ని నీటిలో నిలకడగా ఉంచడం వచ్చినవాళ్లకు అదొక పల్లకీ. పలాంకార్, శాంతా రోసా గోడల పక్కన అలా సాగిపోవడం ఎంత బాగుంటుందో తిరుగు పడవలో అందరి ముఖాలూ చెప్పాయి. నాకు మాత్రం పల్లకీ ఎక్కకముందే బోయీలు పరుగెత్తారు.

ఆరు నెలల తర్వాత రొవాటాన్ వెళ్లాం. హోండురస్ దేశపు దీవి ఇది. మెక్సికో యూకటాన్ నుంచి ఇక్కడిదాకా సాగే మెసో అమెరికన్ పగడపు దిబ్బ దీని ఒడ్డును ఆనుకునే ఉంటుంది. వెస్ట్ ఎండ్ అనే చిన్న ఊళ్లో బస. ఒకే వీధి, ఒకవైపు సముద్రం, గదిలో నుంచి నడిచి డైవ్ దుకాణానికి. పడవ ప్రయాణం పది నిమిషాలు మించదు. పడవను, సముద్రపు అడుగుకు తాడుతో బిగించిన తేలుబిళ్లకు కట్టేస్తారు కాబట్టి తాడు పట్టుకుని దిగవచ్చు. ఈ తాడు విలువ నా చెవికి తెలుసు. ఒక్కో అడుగు దిగి, ఊది, నొప్పి ఉంటే తాడును పట్టుకునే పైకి లేచి, మళ్లీ దిగాను. నలుగురికి ఒక గైడు. ఆమె కింద చేతులు కట్టుకుని వెల్లకిలా తేలుతూ నా వైపే చూస్తూ ఎదురుచూసింది. ఎనిమిది నిమిషాలు పట్టింది. ఎవరూ విసుక్కోలేదు, లేదా విసుక్కున్నా మాస్కులో కనిపించలేదు.

రొవాటాన్‌తో చిక్కు నీళ్లలో లేదు, ఒడ్డున ఉంది. ఇసుక ఈగలు కంటికి ఆనవు, కుట్టాక వారం రోజులు గోకిస్తాయి. అక్కడివాళ్లు చెప్పిన మందు ఒంటికి దట్టంగా నూనె పట్టించడం. ఇంటి నుంచి తెచ్చుకున్న కొబ్బరినూనె సీసా తలకంటే కాళ్లకే ఎక్కువ ఖర్చయింది. మేము నవంబరులో వెళ్లడం కూడా పొరపాటు. అక్టోబరు నుంచి జనవరి దాకా అక్కడ వానలు, ఐదు రోజుల్లో రెండు రోజులు నీళ్లు మసకబారాయి. శాకాహారులకు మాత్రం ఆకలి బాధ లేదు. బలెయాదా అని గోధుమ రొట్టెలో చిక్కుడుగింజల ముద్ద, జున్ను పెట్టి మడిచి ఇస్తారు. పచ్చిమిరపకాయ ఒకటి పడితే ఇంకా బాగుండేది.

మూడోది బొనేర్. ఎక్కువగా చెప్పాలనుకున్నది దీని గురించే.

వెనిజులాకు ఉత్తరాన ఉన్న ఈ దీవి 2010 నుంచి నెదర్లాండ్స్‌లో ప్రత్యేక మునిసిపాలిటీ. తుపాన్లు సాధారణంగా తిరిగే దారికి దక్షిణంగా ఉండటంతో, జూన్ నుంచి నవంబరు దాకా మిగతా కరీబియన్ బిక్కుబిక్కుమంటున్నప్పుడు ఇక్కడ కాస్త నిశ్చింత. దీవి చుట్టూ సముద్రాన్ని 1979లోనే రక్షిత ఉద్యానవనం చేశారు. డైవర్లు ఏడాదికి 40 డాలర్ల రుసుము కట్టాలి. దీవిలో అడుగుపెట్టినందుకు పర్యాటకులకు మరో 75 డాలర్లు. ఆ తర్వాత దాదాపు ఎక్కడైనా, ఎప్పుడైనా దిగవచ్చు. చేతి తొడుగులు వేసుకోకూడదు. మొదటి డైవ్ రిసార్టు ముందరే, వాళ్లు చూస్తుండగా చేయాలి. ఈ నిబంధన కొందరు పాత డైవర్లకు అవమానంగా అనిపిస్తుందట. నాకైతే మా అమ్మమ్మ చేయి పట్టుకుని కాలువలోకి దింపినట్టుంది.

రిసార్టు రేవు చివర నిచ్చెన, కింద ఇసుక, తర్వాత పగడాల వాలు. చెవి తెరుచుకోకపోతే నిచ్చెనెక్కి వచ్చేస్తే సరి. పడవ లేదు, ఎదురుచూసే జనం లేరు, పోయిన డబ్బు లేదు. ట్యాంకులు ఎన్నయినా తీసుకోవచ్చు. మూడో రోజుకు నా చెవి ఏ గొడవా లేకుండా తెరుచుకోవడం మొదలుపెట్టింది. తొందర లేదని దానికీ తెలిసిపోయినట్టుంది.

రెండు రోజులు అక్కడే ఈదాక అద్దె ట్రక్కులో ట్యాంకులు వేసుకుని తిరిగాం. రోడ్డు పక్కన పసుపు రంగు పూసిన రాళ్ల మీద డైవ్ చోటు పేరు రాసి ఉంటుంది. ట్రక్కు ఆపు, సరంజామా తగిలించుకో, నడిచి దిగు. చెప్పినంత సులువు కాదు. ఒడ్డంతా విరిగిన పగడపు ముక్కలు, వాటి మీద అల. వీపు మీద ట్యాంకుతో నేను ఒకసారి బోర్లా పడ్డాను. గట్టి అడుగున్న బూట్లు లేకపోతే మోకాలితో పాటు పాదమూ పోయేది. వెయ్యి మెట్లు అనే చోట నిజానికి ఉన్నవి డెబ్బై లోపే. తడి సరంజామాతో పైకి ఎక్కేటప్పుడు మాత్రం పేరు పెట్టినవాడి మీద అనుమానం రాదు. ట్రక్కులో ఏమీ వదలకూడదు. తలుపులు తాళం వేయకుండా ఉంచడమే అక్కడ ఆచారం, లేకపోతే అద్దం పగులుతుంది.

గైడు లేకుండా ఇద్దరు కొత్తవాళ్లు దిగడం తెలివైన పనేనా అంటే, కాదు. మొదటి రెండు బయటి చోట్లకు డబ్బు చెల్లించి గైడును తీసుకెళ్లాం. దారి గుర్తుపెట్టుకోవడం, సగం గాలి అయ్యేలోగా వెనక్కి తిరగడం అతని వెనుక ఈదుతూ నేర్చుకున్నాం. ఆ డబ్బు గది స్థాయి తగ్గించుకుని మిగిల్చింది.

పగడాలు కళ్లు చెదిరేలా ఉన్నాయని రాయాలని ఉంది. కొన్నిచోట్ల ఉన్నాయి. కానీ గట్టి పగడాలను తినేసే తెగులు 2023లో ఇక్కడికీ చేరింది. మెదడు ఆకారపు పెద్ద పగడాలు సున్నం కొట్టినట్టు తెల్లగా నిలబడి కనిపించాయి. చేపలకు మాత్రం లోటు లేదు. చిలుకచేపలు పగడం కొరికే చప్పుడు మర్రాకు మీద వడగళ్లు పడ్డట్టు వినిపిస్తుంది.

వంటగది ఉన్న బస తీసుకోవడం మేము చేసిన మంచి పని. డచ్చి సూపర్‌మార్కెట్‌లో టమాటాలు, కందిపప్పు లాంటిదేదో దొరికాయి. గోంగూర సీసా మాతోనే ఉంది. వరండాలో వెట్‌సూట్లు ఆరుతుండగా పప్పన్నం తిన్న ఆ రాత్రులను ఏ బఫే భోజనంతోనూ మార్చుకోను.

భారతీయ పాస్‌పోర్టుతో వెళ్లేవాళ్లు అమెరికా వీసా స్టాంపు గడువు చూసుకోండి. గడువు తీరిన స్టాంపుతో మెక్సికో, కెనడాల నుంచి తిరిగి రావడానికి ఉన్న వెసులుబాటు హెచ్-1బీ వాళ్లకు రొవాటాన్, బొనేర్‌ల నుంచి వర్తించదు. తిరుగు విమానం కూడా లెక్కలో ఉండాలి. వరుసగా కొన్ని రోజులు డైవ్ చేశాక విమానం ఎక్కడానికి కనీసం 18 గంటల విరామం కావాలి. మాది శనివారం ఉదయం విమానం కాబట్టి శుక్రవారం మధ్యాహ్నానికల్లా సరంజామా మంచినీళ్లలో కడిగేశాం.

బొనేర్‌కు ముందు, నీళ్లలోకి ఎలా దించుతారు, చెవి తెరుచుకోకపోతే ఏం చేస్తారు అని అడుగుతూ మూడు రిసార్టులకు ఒకే ఉత్తరం రాశాను. ఒకరు ప్యాకేజీ ధరల పట్టిక పంపారు. ఒకరు "ఏమీ ఇబ్బంది ఉండదు" అన్నారు. మూడోవారు నా చివరి డైవ్ తేదీ, ఎత్తు, బరువు అడిగి, చెవి సంగతి ఎప్పటి నుంచి అని తిరిగి అడిగారు. అక్కడికే వెళ్లాం.

వచ్చే ఫిబ్రవరికి మళ్లీ కొజుమెల్ టికెట్లు తీసుకున్నాం, వేరే దుకాణంతో. మొదటి డైవ్ ఎక్కడ, ఎంత లోతు అని అడిగాను. పారడైజ్ రీఫ్, 12 మీటర్లు అని జవాబు వచ్చింది.