64 అని రాశాను, 8 దాటలేదు: జావా థ్రెడ్ పూల్‌తో ఆరేళ్ళు

మా అప్లికేషన్‌లో వెనకాల జరగాల్సిన పనులన్నీ, అంటే మెయిళ్ళు, పీడీఎఫ్‌లు, రాత్రిపూట లెక్కలు, ఆరేళ్ళుగా జావా థ్రెడ్‌పూల్‌ఎగ్జిక్యూటర్ మీదే నడుస్తున్నాయి. 2004లో జావా 5తో వచ్చిన సరుకు. పనులు చేసే థ్రెడ్లని కొన్నింటిని సిద్ధంగా ఉంచుకుని, వచ్చిన పనిని వాటికి అప్పగిస్తుంది. నా పేచీ అంతా దాని క్యూతోనే, అంటే ఖాళీ థ్రెడ్ లేనప్పుడు పనులు వరసకట్టే చోటుతోనే. ఎంత పని తెచ్చి పడేసినా కాదనదు.

మొదటి మూడేళ్ళు దీన్ని తెగ పొగిడాను. కొత్తగా చేరినవాళ్ళకి కూడా ఇదే నేర్పాను. కోర్ సైజు 8, మాక్సిమమ్ 64, ఒక లింక్డ్‌బ్లాకింగ్‌క్యూ. మామూలుగా ఎనిమిది థ్రెడ్లు, రద్దీ పెరిగితే అరవై నాలుగు దాకా పెరుగుతాయని నా లెక్క. చదివితే ఎవరికైనా అలాగే అనిపిస్తుంది.

ఒక సాయంత్రం మేం వాడే మెయిల్ సర్వర్ నెమ్మదించింది. పడిపోయి ఉంటే ఎర్రర్ వచ్చేది, బాగుండేది. అది పడిపోలేదు. మామూలుగా 200 మిల్లీసెకన్లలో వెళ్ళే మెయిల్‌కి 40 సెకన్లు తీసుకోవడం మొదలుపెట్టింది. నేను రీడ్ టైమౌట్ (జవాబు కోసం ఇంతసేపే ఆగాలి అనే గడువు) పెట్టలేదు, ఆ తప్పు నాదే. ఎనిమిది థ్రెడ్లూ దాని దగ్గరే ఇరుక్కుపోయాయి. నిమిషానికి 12 మెయిళ్ళు బయటికి పోతుంటే 300 లోపలికి వస్తున్నాయి. ఒక్కో పనితో పాటు మూడొందల కేబీ పీడీఎఫ్ కూడా మెమరీలోనే కూర్చుంది.

అంతసేపూ లాగ్‌లో ఒక్క ఎర్రర్ లేదు. సీపీయూ ఖాళీ. డ్యాష్‌బోర్డ్ అంతా పచ్చగా ఉంది. నలభై నిమిషాలకి 4 జీబీ హీప్ (ప్రోగ్రామ్ వాడుకునే మెమరీ) నిండిపోయి ప్రాసెస్ కూలింది. క్యూలో ఉన్న పదకొండు వేల పైచిలుకు మెయిళ్ళు దాంతోపాటే పోయాయి. ఎవరికి వెళ్ళాయో ఎవరికి వెళ్ళలేదో తేల్చుకోవడానికే మర్నాడంతా పట్టింది.

కూలేముందు అదృష్టవశాత్తూ ఒక థ్రెడ్ డంప్, అంటే ఆ క్షణంలో ఏ థ్రెడ్ ఏం చేస్తోందో చూపే జాబితా, తీసి ఉంచాను. అందులో చూస్తే వర్కర్ థ్రెడ్లు సరిగ్గా ఎనిమిదే! మరి 64 ఏమైందని డాక్యుమెంటేషన్ తీస్తే అక్కడ సూటిగానే రాసి ఉంది. కోర్ థ్రెడ్లు నిండాక కొత్త పని ముందు క్యూలోకి పోతుంది. క్యూ ఇక పట్టదు అన్నప్పుడే తొమ్మిదో థ్రెడ్ పుడుతుంది. హద్దు చెప్పకుండా పెట్టిన లింక్డ్‌బ్లాకింగ్‌క్యూ సామర్థ్యం 2147483647. అది నిండేదెప్పుడు? అంటే ఆ 64 మూడేళ్ళూ అలంకారంగానే ఉంది. టామ్‌క్యాట్ అనే జావా వెబ్ సర్వర్ రాసినవాళ్ళకి కూడా ఈ క్రమం నచ్చినట్టు లేదు. ముందు థ్రెడ్లు పెరిగి, ఆ తర్వాతే పనులు క్యూలో చేరేలా వాళ్ళ క్యూని వాళ్ళే రాసుకున్నారు.

కోపం దిగాక లెక్క వేసుకుంటే ఇంకో సంగతి తేలింది. 64 థ్రెడ్లూ పనిచేసినా నిమిషానికి 96 మెయిళ్ళే వెళ్ళేవి. మునగడం ఖాయం, కాస్త ఆలస్యంగా మునిగేవాళ్ళం. అందుకే ఇప్పుడు నా కోపం 64 మీద కాదు, హద్దులేని ఆ క్యూ మీద. న్యూఫిక్స్‌డ్‌థ్రెడ్‌పూల్ అని ఒక్క లైన్ రాసి రెడీమేడ్ పూల్ తెచ్చుకున్నా లోపల దొరికేది అదే క్యూ.

ఇప్పుడు 500 దగ్గర ఆగే అర్రేబ్లాకింగ్‌క్యూ పెట్టాను. కోర్, మాక్సిమమ్ రెండూ 32. ఖాళీగా ఉన్న థ్రెడ్లు పోయేలా అలౌకోర్‌థ్రెడ్‌టైమౌట్ ఆన్ చేశాను. మెయిల్‌కి పది సెకన్ల టైమౌట్. నిండాక ఏం చెయ్యాలి అన్నదానికి కాలర్‌రన్స్ పాలసీ. నిజానికి దీన్ని అంత నమ్మకంతో పెట్టలేదు, కానీ రాత్రి బ్యాచ్‌లో బ్రహ్మాండంగా పనిచేసింది. క్యూ నిండగానే ఆ పనిని ఇచ్చిన థ్రెడ్డే స్వయంగా చేసుకోవాలి, కాబట్టి ఫైల్ చదివే లూప్ దానంతటదే నెమ్మదించింది. నేను ఒక్క లైన్ కూడా రాయలేదు.

ఆ ఉత్సాహంలో వెబ్ రిక్వెస్టుల వైపు కూడా అదే పెట్టి మళ్ళీ దెబ్బతిన్నాను. బటన్ నొక్కిన మనిషి ఎదురుచూస్తుంటే ఆ రిక్వెస్ట్ థ్రెడ్ వెళ్ళి మెయిల్ పంపుతూ కూర్చుంది. పైగా పూల్‌ని షట్‌డౌన్ చేశాక ఇచ్చిన పనిని ఈ పాలసీ చడీచప్పుడు లేకుండా పారేస్తుంది. అందుకే అటువైపు, క్యూ నిండితే పనిని తీసుకోకుండా ఎర్రర్ ఇచ్చే అబార్ట్ పాలసీ పెట్టి, రిజెక్ట్ అయినదాన్ని డేటాబేస్ టేబుల్లో ఒక వరుసగా రాసి తర్వాత పంపుతున్నాం. అన్నట్టు, సబ్మిట్‌తో ఇచ్చిన పనిలో ఎక్సెప్షన్ (ఎర్రర్) వస్తే అది, ఫలితం కోసం మన చేతికిచ్చే ఫ్యూచర్‌లోనే ఉండిపోతుంది. దాని మీద గెట్ పిలిచి ఫలితం అడగకపోతే మీకు తెలియనే తెలియదు. దాని గురించి ఇంకో రోజంతా తిట్టుకోవచ్చు.

ఇంత తిట్టినా ఇంకా ఇదే వాడుతున్నాను. మాది ఒకటే సర్వర్, ఇద్దరమే మనుషులం, పోయిన మెయిల్‌ని మళ్ళీ పంపగలం. డబ్బు లావాదేవీలైతే మాత్రం మెమరీలో ఉండే క్యూని నమ్మను, పని ముందు డిస్క్ మీద పడాల్సిందే. జావా 21లో వచ్చిన వర్చువల్ థ్రెడ్లతో (వేలకొద్దీ పుట్టించుకోగల తేలికపాటి థ్రెడ్లు) పూలే అక్కర్లేదు అంటున్నారు. మేమింకా 17లోనే ఉన్నాం. రేపు మారినా మెయిల్ సర్వర్‌కి ఒకేసారి ఎన్ని కనెక్షన్లు పోవాలో ఒక సెమఫోర్ (ఒకేసారి ఇన్నే అని లెక్కపెట్టి వదిలే కాపలా) పెట్టి ఆపాల్సిందే, ఆ అంకె మళ్ళీ నేనే రాయాలి.