జాగ్రత్త: శామ్ హ్యూస్టన్ ఫారెస్ట్ "జింకల వేట ప్యాకేజీ"కి డబ్బు కట్టే ముందు ఇది చదవండి

హ్యూస్టన్, డల్లాస్ వైపు మన తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో వేట సీజన్ దగ్గర పడగానే ఒక ప్రకటన తిరుగుతుంది. టెక్సస్‌లోని శామ్ హ్యూస్టన్ నేషనల్ ఫారెస్ట్‌లో జింకల వేటకి అన్నీ మేమే చూసుకుంటాం, మీరు వస్తే చాలు అంటారు. జింకలు దొరికే చోట్లంటూ ఫోన్ మ్యాప్ మీద గుచ్చిన పదిహేను ఇరవై పిన్నులు, చెట్టుకి కట్టుకుని కూర్చునే అద్దె మంచె, అద్దె తుపాకీ, ఒక బస్తా మొక్కజొన్నలు, "పర్మిట్‌తో సహా". నాలుగైదు వందల డాలర్లు, అదీ జెల్‌లో (Zelle, బ్యాంకు ఖాతా నుంచి నేరుగా డబ్బు పంపే పద్ధతి) ముందే పంపాలి. మాలో కొందరు కట్టారు. చేతికొచ్చినదాంట్లో ఏది పనికిరాదో, ఏది కేసుల దాకా లాగుతుందో రాస్తున్నాం. అమ్మినవాళ్ల పేరు రాయడం లేదు. వాళ్లు గ్రూపుకో పేరుతో వస్తారు, కానీ అమ్మే పద్ధతి మారదు. ఆ పద్ధతినే గుర్తుపట్టండి.

అన్నిటికంటే ప్రమాదకరమైనది తుపాకీ. "కాగితాలేమీ అక్కర్లేదు, పొద్దున ఇస్తాం, సాయంత్రం తిరిగివ్వండి" అంటారు. హెచ్-1బి, హెచ్-4, ఎల్-1, ఎఫ్-1 లాంటి నాన్-ఇమ్మిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. కొనడం ఒక్కటే కాదు, అరువు తెచ్చుకుని చేత్తో పట్టుకున్నా అంతే. 2022 నుంచి దీనికి గరిష్ఠ శిక్ష 15 ఏళ్లు. దీనికున్న మినహాయింపుల్లో మనకు పనికొచ్చేది ఒకటుంది: అమెరికాలోని ఏదైనా రాష్ట్రం చట్టప్రకారం ఇచ్చిన, గడువు తీరని హంటింగ్ లైసెన్స్ మీ పేరున ఉండాలి. తుపాకీ ముట్టుకునే ముందే ఉండాలి. టెక్సస్ లైసెన్స్ ఏ నెలలో కొన్నా ఆగస్టు 31తో అయిపోతుంది, దాన్ని పట్టుకుని ఉన్న మినహాయింపూ ఆ రోజుతోనే పోతుంది. గ్రీన్‌కార్డు వాళ్లకి ఈ నిషేధం లేదు. వీసా మధ్యలో ఉన్నవాళ్లు, స్టేటస్ మారుతున్నవాళ్లు ఇమ్మిగ్రేషన్ లాయర్‌ని అడగకుండా అడుగు వేయొద్దు. లైసెన్స్ ఉందా అని అడక్కుండా మీ చేతికి రైఫిల్ ఇచ్చేవాడు మీ ఉద్యోగాన్నీ ఇంటిల్లిపాదినీ పణంగా పెడుతున్నాడు.

ఇక ఆ "పర్మిట్". ఈ ఫారెస్ట్‌లో వేటాడాలంటే హంటింగ్ లైసెన్స్‌తో పాటు యాన్యువల్ పబ్లిక్ హంటింగ్ పర్మిట్ కావాలి. ధర 48 డాలర్లు. టెక్సస్ పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ వాళ్ల సైట్‌లోనూ, లైసెన్సులు అమ్మే స్పోర్ట్స్ దుకాణాల్లోనూ మీ పేరున నేరుగా దొరుకుతుంది. ప్యాకేజీలో వచ్చింది లిమిటెడ్ పబ్లిక్ యూజ్ పర్మిట్. దాని ధర 12 డాలర్లు. దానితో అడవిలోకి వెళ్లొచ్చు, నడవొచ్చు, పక్షుల్ని చూడొచ్చు, వేటాడకూడదు. పేర్లు దగ్గరగా ఉండటంతో కాగితం చూసి చాలామంది తృప్తి పడిపోతారు. పర్మిట్ మీద "హంటింగ్" అన్న మాట, మీ పేరు రెండూ ఉన్నాయో లేదో చూడండి. ఇంకొకరి పేరున ఉన్న లైసెన్స్, దాంతో వచ్చే ట్యాగులు (కొట్టిన జింకకి కట్టే చీటీలు) మీకు చెల్లవు.

లైసెన్స్ లెక్క కూడా చెప్తాం, ఎందుకంటే ఇక్కడే ఇంకో వంద రెండు వందలు లాగుతారు. టెక్సస్‌లో వరుసగా ఆరు నెలలు నివాసం ఉన్నవాళ్లకి రెసిడెంట్ హంటింగ్ లైసెన్స్ 25 డాలర్లు. బయటి రాష్ట్రం నుంచి వచ్చే చుట్టానికి జింకల వేట లైసెన్స్ 315. 1971 సెప్టెంబర్ 2న, ఆ తర్వాత పుట్టినవాళ్లందరికీ హంటర్ ఎడ్యుకేషన్ తప్పనిసరి. 17 ఏళ్లు దాటితే ఆ కోర్సు ఆన్‌లైన్‌లోనే పూర్తి చేయొచ్చు. అప్పటికి సమయం లేకపోతే 10 డాలర్లకి ఒక్కసారి వాయిదా ఇస్తారు, కానీ అప్పుడు కోర్సు పాసైన లైసెన్సు మనిషి పక్కనే ఉండాలి. "మా గైడ్ ఉంటే కోర్సు అక్కర్లేదు" అనేది అబద్ధం.

గైడ్ అన్నాం కాబట్టి: నేషనల్ ఫారెస్ట్‌లో డబ్బు తీసుకుని వేటకి దారి చూపించేవాళ్లకి ఫారెస్ట్ సర్వీస్ ఇచ్చిన స్పెషల్ యూజ్ పర్మిట్ ఉండాలి. దాని కాపీ అడగండి. న్యూ వేవర్లీలో ఎఫ్‌ఎం 1375 మీదున్న రేంజర్ ఆఫీసుకి ఫోన్ చేసి, ఈ పేరున పర్మిట్ ఉందా అని అడిగితే చెప్తారు. పర్మిట్ కాపీ ఏదని ఈ ఒక్క ప్రశ్న వేయగానే ప్యాకేజీ అమ్మినవాళ్ల నంబరు నుంచి జవాబులు ఆగిపోయాయి.

పిన్నుల దగ్గరికొద్దాం. ఈ ఫారెస్ట్ మాంట్‌గోమరీ, వాకర్, శాన్ జసింటో కౌంటీల్లో దాదాపు 1,63,000 ఎకరాలు. అయితే ఒకే ముక్కగా లేదు, మధ్యమధ్యలో ప్రైవేటు భూములు ఉన్నాయి. ఫోన్‌లో పచ్చగా కనిపించినదంతా ప్రభుత్వ భూమి కాదు. పిన్నులు కొన్ని నేరుగా ప్రైవేటు చెక్కల్లో పడ్డాయి. కొన్ని ప్రభుత్వ భూమిలోనే ఉన్నా అక్కడికి వెళ్లే దారి వేరేవాళ్ల గేటు గుండా పోతుంది. టెక్సస్‌లో యజమాని అనుమతి లేకుండా అతని భూమిలో వైట్‌టెయిల్‌ని (ఇక్కడ వేటాడే జింక అదే) చంపితే ఫెలనీ, అంటే పెద్ద నేరం కేసు అవుతుంది. మీరు సరైన చోట కొట్టిన జింక దెబ్బతో కంచె దాటి అటు పడినా, అనుమతి లేకుండా వెళ్లి తెచ్చుకోకూడదు. అందుకే సరిహద్దుకి దగ్గరగా మంచె కట్టడమే తప్పు. చెట్ల మీద ఊదారంగు గీతలు కనిపిస్తే ఆగిపోండి. ఎనిమిది అంగుళాల పొడవు, అంగుళం వెడల్పు, నేల నుంచి మూడు నుంచి ఐదడుగుల ఎత్తులో నిలువుగా ఉంటాయి. అడవిలో అయితే వంద అడుగుల్లోపు ఒకటి చొప్పున. బోర్డు లేకపోయినా టెక్సస్ చట్టంలో అది "లోపలికి రావద్దు" అనే బోర్డే.

పిన్ను సరైనదో కాదో తేల్చడానికి ఒక్క డాలరు అవసరం లేదు. ఆ కౌంటీ అప్రైజల్ డిస్ట్రిక్ట్ (ఆస్తి పన్నుకి భూముల విలువ కట్టే ఆఫీసు) సైట్‌లో పార్సెల్ మ్యాప్ తెరిచి యజమాని పేరు చూడండి. తర్వాత ఫారెస్ట్ సర్వీస్ మోటార్ వెహికిల్ యూజ్ మ్యాప్ ఉచితంగా దించుకోండి. అందులో లేని దారి కంటికి ఎంత బాగా కనిపించినా బండికి మూసినట్టే. పిన్ను నుంచి తెరిచి ఉన్న రోడ్డుకి ఎంత దూరమో, మధ్యలో ఎన్ని వాగులున్నాయో కొలవండి. సగం పిన్నులు ఇక్కడే ఎగిరిపోతాయి. రెండు పిన్నులు లిటిల్ లేక్ క్రీక్ విల్డర్‌నెస్‌లో (ఫారెస్ట్‌లోనే ఇంకా కట్టుదిట్టంగా కాపాడే భాగం) పెట్టారు, అది దాదాపు 3,800 ఎకరాలు. విల్డర్‌నెస్‌లో చక్రాలున్న బండి ఏదీ పనికిరాదు, జింకని లాక్కొచ్చే చిన్న తోపుడు బండితో సహా. అంటే ఏభై అరవై కిలోల జంతువుని భుజాన మోయాలి, లేదా అక్కడే ముక్కలు చేసి రెండు మూడు సార్లు తిరగాలి. ఆ సంగతి చెప్పకుండా అక్కడ పిన్ను గుచ్చినవాడు ఎప్పుడూ అక్కడ జింకని మోయలేదు.

ఇంకొన్ని పిన్నులు లోన్ స్టార్ హైకింగ్ ట్రైల్‌ని ఆనుకుని ఉన్నాయి. ఇళ్లు, క్యాంపులు, జనం ఉండే చోట్ల నుంచి 150 గజాల్లోపు కాల్చకూడదు. ఫారెస్ట్ రోడ్డుకి గానీ నీటికి గానీ అడ్డంగా కాల్చకూడదు. సీజన్‌లోనూ ఆ ట్రైల్ మీద పిల్లలతో నడిచేవాళ్లుంటారు.

అన్నీ సరిగ్గా పడిన పిన్నులు కూడా పాతవి. ఇది పైన్ అడవి. ఫారెస్ట్ సర్వీస్ ఇక్కడ క్రమం తప్పకుండా అదుపు మంటలు పెడుతుంది, కొన్నిచోట్ల చెట్లు పలచబరుస్తుంది. మూడేళ్ల కిందటి ఉపగ్రహ చిత్రంలో ఖాళీగా కనిపించిన చోట ఇప్పుడు యోపాన్ పొదలు మనిషెత్తున అల్లుకుని ఉంటాయి, ముప్పై గజాల అవతల ఏమీ కనిపించదు. కాలిన చోట తర్వాతి నెలల్లో లేత చిగుళ్లొచ్చి జింకలు దిగుతాయి. కాబట్టి ఎక్కడ ఎప్పుడు మంట పెట్టారు అని రేంజర్ ఆఫీసులో అడగడం ఇరవై పిన్నుల కంటే విలువైనది.

తెలియని ఈ అడవిలో మేము వెతికేది ఇది. వాగుల పక్క పల్లాల్లో వైట్ ఓక్ చెట్లు, వాటి కింద కాయలు రాలుతున్నాయా అన్నది. గ్రీన్‌బ్రయర్ తీగలు, బ్యూటీబెర్రీ పొదల కొసలు కొరికినట్టున్నాయా అన్నది. దట్టమైన కుర్ర పైన్ తోటకీ, పెద్ద చెట్ల అడవికీ మధ్య అంచు, ఆ అంచుని వాగు దాటే ఇరుకు చోటు. పగలు పడుకునేది కుర్ర తోటలో, తినేది ఓక్‌ల కింద, నడిచేది ఆ అంచున. అక్టోబర్‌లో ఒక రోజంతా నడిస్తే కాలిదార్లు, పెంటికలు, కొమ్ములు రాసిన చెట్లు కనిపిస్తాయి. గాలి లెక్క లేని పిన్ను వృథా: మామూలు రోజుల్లో గాలి గల్ఫ్ వైపు నుంచి, అంటే దక్షిణం, ఆగ్నేయం నుంచి వస్తుంది. కోల్డ్ ఫ్రంట్ దిగిన రోజు ఉత్తరానికి తిరుగుతుంది. ప్రతి చోటుకీ రెండు గాలులకి రెండు దారులు చూసుకోవాలి, మీ వాసన జింక పడుకున్న వైపు పోకూడదు. మొదటి చోట వేరే వేటగాడి బండి కనిపించినా, గాలి అడ్డం తిరిగినా వెళ్లడానికి కనీసం నాలుగు చోట్లు సిద్ధంగా ఉండాలి. సీజన్ నవంబర్ మొదటి శనివారం తెరుచుకుంటుంది, ఆ రోజు పార్కింగులన్నీ నిండుతాయి.

మొక్కజొన్నల బస్తాని ఇంట్లోనే ఉంచండి. టెక్సస్‌లో ప్రైవేటు భూముల మీద మేత చల్లి వేటాడటం మామూలే, కొత్తవాళ్లు అందుకే నమ్ముతారు. పబ్లిక్ హంటింగ్ భూమిలో అది నిషేధం. దోసెడు గింజలు కనిపించినా గేమ్ వార్డెన్ (వేట చట్టాలు అమలు చేసే అధికారి) మీ మాట వినాల్సిన పని లేదు.

అద్దె మంచె విషయంలో మాకు చాలా భయం వేసింది. క్లైంబర్ మంచె (చెట్టు మీద పైకి జరుపుకుంటూ ఎక్కేది) కేబుల్ తొడుగు చిట్లి లోపలి తీగలు బయటపడ్డాయి, బకుల్స్ తుప్పు పట్టాయి, హార్నెస్ (పడిపోకుండా ఒంటికి తొడిగే పట్టీల జత) అసలు ఇవ్వలేదు, నడుముకి కట్టే ఒక పట్టీ ఇచ్చారు. నడుము పట్టీతో జారితే వేలాడుతున్న మనిషికి ఊపిరాడదు. ఒళ్లంతా పట్టే హార్నెస్ కావాలి, నేల మీద కాలు తీసినప్పటి నుంచి తిరిగి దిగేదాకా చెట్టుకి కట్టి ఉండాలి. హార్నెస్ మీద తయారీ తేదీ చూడండి; ఐదేళ్లు దాటితే, ఎండకి రంగు వెలిసిపోతే పారేయండి. మంచె మీద రాసిన బరువు పరిమితిలో మీ బరువుతో పాటు తుపాకీ, బట్టలు, సంచీ అన్నీ లెక్కలోకి వస్తాయి. తుపాకీ పట్టుకుని ఎక్కొద్దు. తూటాలు తీసేసి, తాడుతో పైకి లాక్కోవాలి. చెట్లకి మేకులు, మరలు కొట్టొద్దు. ఇవన్నీ కష్టమనిపిస్తే మొదటి ఏడాది నేల మీద, లావు చెట్టుకి వీపు ఆనించి కూర్చోండి. ఈ దట్టమైన అడవిలో దానివల్ల పెద్దగా పోయేదేమీ లేదు.

పబ్లిక్ భూమిలో, మిగతా వేటగాళ్లకి కనిపించేలా, మెరిసే ఆరెంజ్ రంగు బట్టలు తప్పనిసరి: మొత్తం 400 చదరపు అంగుళాలు, అందులో ఛాతీ మీద 144, వీపు మీద 144, పైగా ఆరెంజ్ టోపీ. ప్యాకేజీలో వచ్చింది ఆరెంజ్ మచ్చల కామో జాకెట్, అది లెక్కకి చాలలేదు.

ఏ జింకని కొట్టొచ్చన్నది ప్యాకేజీవాళ్లు ఒక్క ముక్క కూడా చెప్పరు. ఈ కౌంటీల్లో కొమ్ముల నిబంధన ఉంది. మగజింకకి కనీసం ఒక కొమ్ము చీలికలు లేకుండా ఉండాలి, లేదా రెండు కొమ్ముల మధ్య లోపలి వెడల్పు 13 అంగుళాలకి తగ్గకూడదు. చెవులు నిక్కించినప్పుడు ఒక చెవి కొస నుంచి ఇంకో చెవి కొసకి సుమారు 13 అంగుళాలుంటుంది. రెండు కొమ్ములూ చీలి ఉన్న జింక అయితే, కొమ్ములు చెవులు దాటి బయటికి కనిపిస్తేనే వేలు ట్రిగ్గర్ మీదకి పోవాలి. ఆడజింకకి నేషనల్ ఫారెస్ట్‌లో నిబంధన పక్క ప్రైవేటు భూమికంటే వేరు, ఆ ఏడాది కౌంటీ పేజీ చదవకుండా కొట్టొద్దు. సూర్యోదయానికి అరగంట ముందు నుంచి సూర్యాస్తమయం తర్వాత అరగంట దాకానే వేట సమయం. పడిన వెంటనే, కదిలించకముందే లైసెన్స్ ట్యాగులో నెల, తేదీ కోసి జింకకి కట్టాలి.

నవంబర్‌లో కూడా అక్కడ మధ్యాహ్నాలు వెచ్చగా ఉంటాయి. పేగులు వెంటనే తీయండి, బండిలో ఏభై పౌండ్ల ఐస్, రెండు పెద్ద కూలర్లు సిద్ధంగా ఉంచండి. కూలర్ కింది బిరడా తీసి నీరు కారిపోనివ్వాలి, మాంసం నీళ్లలో నానితే పాడవుతుంది.

ఇప్పటికే కట్టినవాళ్లు చాట్, ప్రకటన, చెల్లింపు అన్నిటికీ స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకోండి. ఆ గ్రూపుల్లో సందేశాలు మాయమవుతున్నాయి. బ్యాంకుకి ఈరోజే ఫిర్యాదు చేయండి, జెల్‌లో పంపిన డబ్బు ఆలస్యమయ్యే కొద్దీ దొరకదు. టెక్సస్ అటార్నీ జనరల్ వినియోగదారుల విభాగంలో ఆన్‌లైన్ ఫిర్యాదు పెట్టండి. అనుమతి లేని గైడింగ్ గురించి రేంజర్ ఆఫీసుకి, లైసెన్సు, ట్యాగుల మోసం గురించి ఆపరేషన్ గేమ్ థీఫ్‌కి (వేట నేరాలు తెలియజేసే ఫోన్ లైను), 1-800-792-4263కి చెప్పండి. వాళ్లిచ్చిన తుపాకీ మీ ఇంట్లో ఉండిపోయి, మీ పేరున లైసెన్స్ లేకపోతే, తిరిగివ్వడానికని దాన్ని కారులో వేసుకుని బయల్దేరొద్దు. ముందు లాయర్‌కి ఫోన్ చేసి, ఆయన చెప్పినట్టు చేయండి.