బెంగళూరా, హైదరాబాదా? అనంతపురం నుంచి మా ఇంటి లెక్క

మా ఆయన ఆఫీసులో బదిలీకి రెండు ఊళ్ల పేర్లు చెప్పి, జూన్ లోపు ఏదో ఒకటి తేల్చుకోమన్నారు. అనంతపురం వాళ్లకు ఇందులో ఆలోచించేదేముంది, బెంగళూరే అనుకున్నాం. 44వ నంబరు హైవే మీద 210 కిలోమీటర్ల చిల్లర. హైదరాబాదుకు 350 దాటుతుంది. మా అత్తయ్య ఇల్లు వదిలి రానంటోంది. ఆమెకు రాత్రిపూట ఏదన్నా అయితే బెంగళూరు నుంచి తెల్లారేలోపు వచ్చి వాలతాం. భాష గురించి దిగులు లేదు, మడకశిర చుట్టాలతో మేం మాట్లాడేదే సగం కన్నడం.

లెక్క తిరగబడింది పాప దగ్గర. ఇప్పుడు ఎనిమిదో తరగతి. ఇంజినీరింగ్ సీట్లలో 85 శాతం లోకల్ వాళ్లకే కదా. మన దగ్గర లోకల్ కావాలంటే ఇంటర్ రెండో ఏడాదితో కలిపి వరసగా నాలుగేళ్లు ఇక్కడే చదవాలి. అంటే తొమ్మిదికి ఊరు మారితే ఇక్కడ నాన్‌లోకల్. సరే, కర్ణాటకలో లోకల్ అవుతుందిలే అనుకుంటే, అక్కడ ఒకటో తరగతి నుంచి రెండో పీయూసీ, అంటే మన ఇంటర్ రెండో ఏడాది లోపల ఏడేళ్లు చదివి ఉండాలట! మా పాపకు నాలుగే వస్తాయి. ఇక్కడా కాదు, అక్కడా కాదు. పైగా తొమ్మిదో తరగతిలో కన్నడం ఒత్తులు మొదలు పెట్టాలి.

తెలంగాణలోనూ నాలుగేళ్ల లెక్కే. తొమ్మిదిలో చేరితే ఇంటర్ అయ్యేసరికి సరిగ్గా సరిపోతుంది. కానీ ఈ జూన్‌లోనే చేరాలి, ఒక్క ఏడాది ఆగినా పోతుంది. ఇక్కడే చదివించి తర్వాత హైదరాబాదు కాలేజీలో వేద్దామంటే, విభజన తర్వాత పదేళ్లు నడిచిన ఉమ్మడి ప్రవేశాలు 2024తో అయిపోయాయి. అదే పాప ఐదో తరగతిలో ఉండుంటే నేను కళ్లు మూసుకుని బెంగళూరే అనేదాన్ని. ఆరు నుంచి లెక్కేస్తే ఏడేళ్లు నిండుతాయి.

మిగతావి పెద్ద తేడా తెచ్చేవి కావు. బెంగళూరులో అడ్వాన్సు అంటే ఆరు నుంచి పది నెలల అద్దె అడుగుతారు, హైదరాబాదులో రెండు మూడు నెలలతో పోతుంది. కారు ఎటు తీసుకెళ్లినా ఏడాది దాటితే అక్కడి నంబరు వేయించాలి, లైఫ్ టాక్స్ కట్టాలి. ముందే ఇక్కడి ఆర్టీవో ఆఫీసులో ఎన్‌వోసీ, అంటే అభ్యంతరం లేదనే కాగితం తీసుకోండి. మా తమ్ముడు అది లేకుండా వెళ్లి, ఒక్క కాగితం కోసం మూడుసార్లు అనంతపురం వచ్చిపోయాడు.

మూడో దారి కూడా ఉంది. ఆయనొక్కడే బెంగళూరులో ఉండి శనాదివారాలు రావడం. డబ్బు పరంగా ఇదే మేలు, పాప లోకల్ పోదు, అత్తయ్య దగ్గర మేముంటాం. కానీ నాలుగేళ్లు నాన్న వారానికోసారి కనబడే చుట్టమైపోతాడు. నాకు మనసొప్పలేదు.

కాబట్టి నా ఓటు హైదరాబాదుకే. 2023 నుంచి కాచిగూడ వందే భారత్ అనంతపురంలో ఆగుతోంది, ఐదారు గంటల్లో ఇంట్లో ఉండొచ్చు. అదే మాట అత్తయ్యకు చెప్పాను. "రాత్రి నొప్పొస్తే ఆ రైలు రాత్రి వస్తుందామ్మా?" అంది. రాదు. పక్కింటి వాళ్లకు ఒక తాళం ఇచ్చి పెట్టాలి.