మంగళవారం రాత్రి ఫుట్‌బాల్: ఒక సీజన్ టికెట్‌దారు సమీక్ష

శనివారం మధ్యాహ్నం 3 గంటల మ్యాచ్, మంగళవారం రాత్రి 7.45 మ్యాచ్, ఈ రెండింట్లో ఒకటే చూడనిస్తామంటే నేను మంగళవారమే అడుగుతాను. కాకపోతే ఒక్క షరతు. ఆ రాత్రి ఎక్కడ కూర్చోవాలో నన్ను ఎంచుకోనివ్వాలి. ఆ షరతు ఎందుకో చెప్పడానికే ఈ సమీక్షంతా.

నాది ఇంగ్లండ్‌లో కింది డివిజన్ క్లబ్బు. పేరు అనవసరం, ముందు ముందు ఫిర్యాదులున్నాయి కాబట్టి. 24 జట్ల లీగ్, ఒక్కో జట్టుకు 46 మ్యాచ్‌లు, అందులో సగం సొంత మైదానంలో. ఆగస్టు నుంచి మే మొదటి వారం దాకా ఎన్ని శనివారాలున్నా ఇన్ని మ్యాచ్‌లకు చాలవు, పైగా లీగ్ కాక వేరే కప్పుల మ్యాచ్‌లు. వర్షానికో మంచుకో శనివారం మ్యాచ్ రద్దయితే అదీ మంగళవారానికే వచ్చి పడుతుంది. సీజన్ టికెట్ అంటే సొంత మైదానంలోని లీగ్ మ్యాచ్‌లన్నిటికీ కలిపి ముందే కొనేది; దానికి కట్టిన డబ్బులో ఈ రాత్రుల వాటా కూడా ఉంటుంది. అయినా కొన్నవాళ్లలో చాలామంది వీటిని వదిలేసుకుంటారు.

ఎంతమంది వదిలేస్తారన్నది క్లబ్బు ప్రకటించే అంకెలో కనిపించదు. రెండో సగం మధ్యలో మైకులో ఇవాళ్టి హాజరు ఇంత అని చెప్తారు. వినగానే మా వరసలో వాళ్లం ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వుకుంటాం. అది అమ్ముడైన టికెట్ల లెక్క. సీజన్ టికెట్ ఉన్నవాడు ఇంట్లో దుప్పటి కప్పుకుని పడుకున్నా వచ్చినట్టే లెక్క. అందుకే ఇక్కడ చాలా క్లబ్బుల హాజరు అంకెలు పెట్టుకుని శనివారానికీ మంగళవారానికీ తేడా తేల్చబోతే తప్పుదోవ పడతాం. అసలు తేడా చూడాలంటే హాఫ్‌టైమ్‌లో మరుగుదొడ్ల దగ్గర క్యూ చూడాలి. శనివారం మెట్ల దాకా ఉంటుంది. ఫిబ్రవరిలో మంగళవారం నాడైతే నేరుగా లోపలికి వెళ్లి రావచ్చు.

రానివాళ్లెవరో ఊహించడం కష్టం కాదు. పొద్దున్నే బడికి లేవాల్సిన పిల్లలున్న కుటుంబాలు, చలికి తట్టుకోలేని పెద్దవాళ్లు, దూరంనుంచి రావాల్సినవాళ్లు. వీళ్ల సీట్లు ఎక్కువగా ఎక్కడున్నాయో గమనిస్తే సంగతి బోధపడుతుంది. మైదానానికి పొడుగు వైపు, మధ్య గీతకు ఎదురుగా ఉండే ఖరీదైన స్టాండ్‌లోనే ఎక్కువ. అంటే మంగళవారం ఖాళీ స్టేడియం అంతటా సమానంగా ఉండదు. గోల్‌పోస్ట్ వెనక బ్లాకుల్లో చిన్న చిన్న కంతలు పడతాయి, పక్క స్టాండ్‌లో మాత్రం వరసలకు వరసలే బోడిగా కనిపిస్తాయి.

వచ్చేవాళ్లు వేరే రకం. పని దిగి నేరుగా వచ్చినవాళ్లు. భుజాన ల్యాప్‌టాప్ సంచి ఉన్నవాడు ఒకడు, సిమెంటు అంటిన బూట్లతో ఇంకొకడు. మొదటి పావుగంట వీళ్లు వస్తూనే ఉంటారు. వరసలో కూర్చున్నవాళ్లు లేచి దారివ్వడం, ఎంతయిందని వాళ్లు అడగడం, ఇంకా ఏమీ కాలేదని మేం చెప్పడం, ఇదే తంతు. ఆలస్యం పూర్తిగా వాళ్ల తప్పు కాదు. జనం తక్కువొస్తారని మా క్లబ్బు మంగళవారాల్లో సగం టర్న్‌స్టైల్స్, అంటే ఒక్కొక్కరినే లోపలికి వదిలే తిరుగుడు గేట్లు, మూసేస్తుంది. వచ్చేవాళ్లంతా మ్యాచ్‌కి పది నిమిషాల ముందే ఒక్కసారిగా దిగుతారు కాబట్టి శనివారం లేని క్యూ మంగళవారం ఉంటుంది. బయట తిట్టుకుంటూ నిలబడి లోపలి గోల్ అరుపు వినడం ఎంత ఒళ్లుమంటో అనుభవించినవాళ్లకే తెలుసు. ఈ ఒక్క విషయంలో ఎన్నేళ్లుగా మొత్తుకుంటున్నా వినే నాథుడు లేడు.

ఇక అసలు సంగతి, గోల. జనం తగ్గితే సందడి తగ్గుతుందని అందరూ అనుకుంటారు. నా అనుభవం అది కాదు. వెయ్యిమంది ఒకచోట చేరితే స్టేడియం దద్దరిల్లుతుంది. అదే వెయ్యిమందిని నాలుగు స్టాండ్లలో విరజిమ్మితే పక్కవాడి దగ్గు వినిపిస్తుంది. పాట మొదలెట్టేవాడికి కుడిపక్క ముగ్గురు, ఎడమపక్క ముగ్గురు అందుకోవాలి. మధ్యలో నాలుగు ఖాళీ సీట్లొస్తే పాట అక్కడే తెగిపోతుంది. ఒక్కడే పాడుతూ ఉండిపోయి, సిగ్గుపడి ఆపేసినవాళ్లను ఎంతమందిని చూశానో.

దీనికి రుజువు ప్రతి మంగళవారం అవతలి గోల్‌పోస్ట్ వెనక మూలలోనే ఉంటుంది. ఎదుటి జట్టుతో వచ్చిన అభిమానులు రెండొందలో మూడొందలో. పనిరోజు సెలవు పెట్టి, గంటలకొద్దీ ప్రయాణం చేసి వచ్చినవాళ్లు. వాళ్లందరినీ ఒకే బ్లాకులో కుక్కుతారు కాబట్టి ఒక గొంతులా పాడతారు. మా వైపు వేలమంది ఉండి నోరు మెదపకపోతే, ఇదేమైనా లైబ్రరీయా అని రాగం తీసి వెక్కిరిస్తారు. నిజమే కదా అనిపించి నవ్వొస్తుంది.

మా క్లబ్బు ఒక సీజన్‌లో మంగళవారాలకు చిన్న సడలింపు ఇచ్చింది. గోల్‌పోస్ట్ వెనక ఒక బ్లాకులో సీటు నంబర్లతో పనిలేకుండా ఎక్కడైనా కూర్చోవచ్చంది. అడిగింది అభిమానులే, అయిష్టంగానే ఒప్పుకున్నారు. రెండో మ్యాచ్‌కల్లా పక్క స్టాండ్‌లో విడివిడిగా ఉన్న కుర్రాళ్లంతా ఆ బ్లాకులోకి చేరారు. డప్పు ఒకటి వచ్చింది. స్టేడియంలో ఉన్న జనం అంతే, గోల మాత్రం రెట్టింపు అయినట్టనిపించింది. మరుసటి సీజన్‌లో స్టీవార్డులకు, అంటే జనాన్ని అదుపుచేసే మైదానం సిబ్బందికి, ఇబ్బందిగా ఉందని ఆ సడలింపు ఎత్తేశారు. డప్పూ పోయింది.

మూడో, నాలుగో డివిజన్లైన లీగ్ వన్, లీగ్ టూ మైదానాలు కొన్నిట్లో ఇప్పటికీ నిలబడి చూసే పాతకాలపు మెట్ల టెర్రస్‌లు ఉన్నాయి. పై రెండు డివిజన్లకు పెట్టిన, అందరికీ సీట్లుండాలన్న నిబంధన వీటి దాకా రాలేదు. అలాంటి చోటికి మంగళవారం వెళ్లి చూడండి. జనం సగమే ఉన్నా మెట్ల మధ్యలోకి జరిగి గుంపుగా నిలబడతారు, మిగతా మెట్లు ఖాళీగా ఉన్నా ఎవరికీ పట్టదు. 2022 నుంచి పై డివిజన్లలోనూ అనుమతి ఉన్నచోట కడ్డీలు పట్టుకుని నిలబడే ఏర్పాటు వచ్చింది కానీ, అక్కడా ఎవరి నంబరు వాళ్లదే. నిలబడనివ్వడం సగం మందు, జరగనివ్వడం మిగతా సగం.

టీవీ గురించి చెప్పకపోతే ఈ సమీక్ష పూర్తికాదు. 1966 మే 5, గురువారం రాత్రి. లండన్‌లో హైబరీ మైదానంలో ఆర్సెనల్, లీడ్స్ లీగ్ మ్యాచ్ ఆడాయి. వచ్చినవాళ్లు 4,554 మంది. అదే రాత్రి లివర్‌పూల్, జర్మనీ జట్టు బొరుస్సియా డోర్ట్‌మండ్‌ల కప్ విన్నర్స్ కప్ (అప్పటి యూరప్ క్లబ్బుల పోటీ) ఫైనల్ టీవీలో ప్రత్యక్షంగా వస్తోంది. అంత పెద్ద క్లబ్బుకే ఆ గతి పట్టింది. శనివారం మధ్యాహ్నం 2.45 నుంచి 5.15 దాకా బ్రిటన్‌లో ఫుట్‌బాల్ ప్రత్యక్ష ప్రసారం చెయ్యకూడదన్న కట్టుబాటు మా లాంటి క్లబ్బులకు గొడుగు. మంగళవారం రాత్రికి ఆ గొడుగు లేదు. ఓ పక్క యూరప్ పెద్ద క్లబ్బుల పోటీ ఛాంపియన్స్ లీగ్ నడుస్తుంటుంది. దానికి తోడు 2024-25 నుంచి కొత్త టీవీ ఒప్పందంతో కింది డివిజన్ల మిడ్‌వీక్ మ్యాచ్‌లు కూడా ప్రత్యక్షంగా ఇంట్లోనే చూసుకోవచ్చు. మా వరసలో ఇద్దరు పెద్దవాళ్లు అప్పట్నుంచి చలికాలం మంగళవారాలకు రావడం మానేశారు. వాళ్లను తప్పుపట్టలేను. వాన పడుతున్న రాత్రి నాకూ మనసు లాగుతుంది.

అయినా ఎందుకు వెళ్తానంటే, రాత్రి ఆట చూడ్డానికి బాగుంటుంది కాబట్టి. పగలైతే ఆకాశం, ఎదురు స్టాండ్‌లో మొహాలు, స్టేడియం వెనక ఇళ్ల కప్పులు అన్నీ కంట్లో పడుతుంటాయి. రాత్రి వెలుగంతా పచ్చిక మీదే. తడి పచ్చిక మీద బంతి జర్రున జారుతుంది, ఆట ఓ పిసరు వేగంగా సాగుతున్నట్టుంటుంది. జనం పల్చగా ఉన్న రాత్రి ముందు వరసల్లో కూర్చుంటే శనివారం వినపడనివి వినపడతాయి. గోల్‌కీపర్ తన డిఫెండర్లను ఎలా తిడుతున్నాడో, బంతి అడుగుతూ వింగర్ ఎన్నిసార్లు అరిచాడో, రెండు మోకాళ్లు గుద్దుకున్న చప్పుడు ఎలా ఉంటుందో. ఒక సెంటర్‌బ్యాక్ (మధ్యలో ఆడే డిఫెండర్) మీద నాకు గౌరవం పెరిగింది మంగళవారాల వల్లే. తొంభై నిమిషాలూ పక్కవాడికి దారి చెప్తూనే ఉంటాడు. శనివారం గోలలో అతనొక మూగవాడనుకునేవాణ్ణి.

ఈ వెలుగు ఊరికే రాలేదు. షెఫీల్డ్‌లోని బ్రామల్ లేన్‌లో 1878లోనే దీపాల కింద ఆడి చూశారు. తర్వాత 1930లో ఇంగ్లండ్ ఫుట్‌బాల్ సంఘం ఎఫ్‌ఏ దీపాల కింద పోటీ మ్యాచ్‌లు వద్దంది. ఆ నిషేధం పోవడానికి రెండు దశాబ్దాలు పట్టింది. మొదటి ఫ్లడ్‌లైట్ లీగ్ మ్యాచ్ 1956 ఫిబ్రవరి 22న పోర్ట్స్‌మత్, న్యూకాజిల్ మధ్య జరిగింది. అప్పటిదాకా చలికాలంలో వారం మధ్యలో లీగ్ మ్యాచంటే మధ్యాహ్నమే, పని ఎగ్గొట్టి రావాల్సిందే. 1973-74 చలికాలంలో కరెంటు కొరత వచ్చి ఫ్లడ్‌లైట్లు వాడొద్దన్నప్పుడు కొన్నాళ్లు మళ్లీ అదే పరిస్థితి. 1954 డిసెంబరు 13న వుల్వర్‌హాంప్టన్‌లో అక్కడి జట్టు వుల్వ్స్ హంగరీ జట్టు హోన్వేడ్‌తో ఆడిన స్నేహపూర్వక మ్యాచ్ కూడా పనిరోజు రాత్రి దీపాల కిందే. వుల్వ్స్ 3-2తో గెలిచి ప్రపంచంలో మేమే మేటి అన్న డాబు మొదలవగానే, ఫ్రాన్స్‌లో లెకిప్ పత్రిక యూరప్ క్లబ్బులకు పోటీ పెట్టి తేల్చుకోండంది. మరుసటి ఏడే యూరోపియన్ కప్ మొదలైంది.

ఛాంపియన్స్ లీగ్‌గా మారిన ఆ కప్పు ఇప్పుడు పెద్ద క్లబ్బుల సొత్తు. యూరప్ రాత్రుల గురించి చెప్పేవాళ్లు 2019 మే 7న లివర్‌పూల్ 4-0తో బార్సెలోనాను ఓడించిన రాత్రిని తలుచుకుంటారు. అదీ మంగళవారమే. కానీ నిండిన స్టేడియంలో, సెమీఫైనల్‌లో సందడి ఉండటం వింత కాదు. మా లీగ్‌లో పధ్నాలుగో స్థానం జట్టు పదహారో స్థానం జట్టుతో ఆడే రాత్రికి ఆ కొలత పనికిరాదు.

కప్పుల్లో మాకు మిగిలినవి మూడు. లీగ్ కప్ పుట్టిందే ఫ్లడ్‌లైట్లు వచ్చాక వారం మధ్య రాత్రులను వాడుకోవడానికి, 1960లో. పెద్ద జట్టు వస్తే మంగళవారమైనా టికెట్ దొరకదు. స్కోరు సమమైతే ఇప్పుడు ఆరంభ రౌండ్లలో అదనపు సమయం లేకుండా నేరుగా పెనాల్టీలే, ఆఖరి రైలు పట్టుకోవాల్సినవాళ్లకు ఇదొక మేలు. ఎఫ్‌ఏ కప్‌లో మాత్రం నష్టమే జరిగింది. 2024-25 నుంచి మొదటి రౌండ్ నుంచే రీప్లేలు, అంటే డ్రా అయితే రెండో జట్టు మైదానంలో మళ్లీ ఆడే మ్యాచ్‌లు, తీసేశారు. శనివారం పెద్ద క్లబ్బు మైదానంలో డ్రా చేసుకుని వచ్చి, మంగళవారం వాళ్లను మన మైదానానికి రప్పించే రాత్రి ఇక లేదు. మూడోది లీగ్ వన్, లీగ్ టూ క్లబ్బుల కోసం పెట్టిన ఈఎఫ్‌ఎల్ ట్రోఫీ. 2016-17లో అందులోకి పెద్ద క్లబ్బుల అకాడమీ (కుర్రాళ్ల) జట్లను తెచ్చారు, చాలామంది అభిమానులు బహిష్కరించారు, నేనూ రెండు మూడు సీజన్లు వెళ్లలేదు. ఇప్పుడు అప్పుడప్పుడు వెళ్తాను. ఖర్చు తగ్గించుకోవడానికి మా క్లబ్బు ఆ రాత్రి ఒకే స్టాండ్ తెరుస్తుంది. కొన్ని వందలమందిమి దగ్గర దగ్గరగా కూర్చుంటాం. చెప్తే నమ్మరు కానీ, కొన్ని లీగ్ మ్యాచ్‌లకన్నా అక్కడే హుషారెక్కువ.

పనిరోజు మ్యాచ్‌ల మీద అభిమానులు నిజంగా గెలిచింది జర్మనీలో. అక్కడి పై డివిజన్ బుండెస్‌లిగాలో సోమవారం రాత్రి మ్యాచ్‌లు పెట్టినప్పుడు ఫ్రాంక్‌ఫర్ట్‌లో మైదానంలోకి టెన్నిస్ బంతులు విసిరారు. 2018 ఫిబ్రవరి 26న డోర్ట్‌మండ్, ఆగ్స్‌బర్గ్ మ్యాచ్‌ని బహిష్కరించారు. 81 వేలమంది పట్టే చోట 54,300 మంది. ఆ ప్రసిద్ధమైన దక్షిణ స్టాండ్ బోసిపోయి కనిపించింది. 2021-22 నుంచి సోమవారం మ్యాచ్‌లు లేవు. అక్కడ చాలా క్లబ్బుల మ్యాచ్ టికెట్ చూపిస్తే ఆ రోజు స్థానిక రైలు, బస్సు ఎక్కనిస్తారు కూడా. మాకు ఆ భాగ్యం లేదు.

తిరుగు ప్రయాణమే ఈ రాత్రుల్లో పెద్ద లోపం. 2023-24 నుంచి రిఫరీలు వృథా అయిన సమయాన్ని గట్టిగా లెక్కేస్తున్నారు, ఏడెనిమిది నిమిషాలు కలపడం మామూలైపోయింది. బయటపడేసరికి పది కావస్తుంది. అందుకే ఎనభై అయిదో నిమిషం నుంచి ప్లాస్టిక్ సీట్లు పైకి మడుచుకునే చప్పుడు మొదలవుతుంది, ముందు ఒకటీ అరా, తర్వాత వరసగా టపటపమని. 1-1 ఉన్నప్పుడు ఆ చప్పుడు ఆటగాళ్లకూ వినిపిస్తుందేమోనని నాకు అనుమానం. లేచేవాళ్లలో ఎక్కువమంది రైలు ఎక్కాల్సినవాళ్లే. 7.45 బదులు 7.00కి మొదలెడితే పని నుంచి వచ్చేవాళ్లు అందుకోలేరు. 7.30 అయితే నా మటుకు నాకు సరిపోతుంది, కానీ నేను నడిచి వెళ్లే దూరంలో ఉంటాను కాబట్టి నా మాట లెక్కలోకి తీసుకోనక్కర్లేదు.

కొత్తగా మంగళవారానికి టికెట్ కొనేవాళ్లు మధ్య గీత దగ్గర మంచి సీటు దొరికిందని మురిసిపోవద్దు. చుట్టూ ఎవరూ ఉండరు, చలి రెట్టింపు. గోల్‌పోస్ట్ వెనక, పైకప్పు కింద, పై వరసల్లో తీసుకోండి. గోల అక్కడే మొదలవుతుంది, పైకప్పుకి తగిలి అక్కడికే తిరిగొస్తుంది. 7.20కల్లా గేటు దాటండి. పిల్లల్ని తెచ్చేవాళ్లు ఆగస్టు, సెప్టెంబరు, ఏప్రిల్ మంగళవారాలు చూసుకోండి. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా రాత్రులు మాలాంటి మొండివాళ్లకు వదిలేయండి.

నేనైతే పక్క స్టాండ్‌లో ఉన్న పాత సీటు ఈసారి వదులుకుని గోల్‌పోస్ట్ వెనక్కి మారాను. అక్కణ్ణించి చూస్తే అవతలి సగంలో ఎవరి కాలు ఎవరికి తగిలిందో సరిగ్గా కనిపించదు. రిఫరీని తిట్టడానికి మాత్రం అదేమీ అడ్డు కాలేదు.