డ్రయ్యర్ గొట్టం తోమే బ్రష్: ఐదేళ్లు వాడాక

డాలస్ శివార్లలో ఈ ఇల్లు కొన్న రెండో ఏడు, జీన్స్ ఆరాలంటే డ్రయ్యర్ రెండుసార్లు తిప్పాల్సి వచ్చేది. మిషన్ పోయిందనుకుని కొత్తదాని ధరలు కూడా చూశాను. ఓ రోజు పెరట్లోంచి చూస్తే, లోపల డ్రయ్యర్ తిరుగుతున్నా వేడిగాలి బయటికి పోయేందుకు గోడకున్న వెంట్ మూత కదలట్లేదు. ప్లగ్ తీసి, మిషన్ జరిపి గొట్టం ఊడదీస్తే తలగడలో దూది కుక్కినట్టు బూడిద రంగు నూగు. మిషన్‌లో నూగు పట్టే లింట్ జాలీ ప్రతిసారీ శుభ్రం చేసేవాణ్ణే. జాలీని దాటిపోయే నూగు సంగతే తెలీదు.

అమెరికా ఫైర్ అడ్మినిస్ట్రేషన్ 2008-10 లెక్కల ప్రకారం డ్రయ్యర్ల వల్ల ఏడాదికి సుమారు 2,900 ఇళ్లలో మంటలు. అందులో 34 శాతానికి కారణం శుభ్రం చేయకపోవడమే. అది చదివిన రాత్రే పాతిక డాలర్లు పెట్టి ఈ బ్రష్ కొన్నాను. మర కడ్డీలు ఒకదానికొకటి బిగించి, చివర డ్రిల్‌కి తగిలించి తిప్పాలి. ఉగాదికీ దసరాకీ ఇల్లు దులిపేటప్పుడే ఈ పనీ చేస్తాను. జీన్స్ ఇప్పుడు ఒక్కసారికే ఆరుతున్నాయి.

డ్రిల్ మాత్రం కుడివైపుకే తిప్పాలి. మొదటి ఏడాది బ్రష్ ఇరుక్కుందని ఎడమకి తిప్పాను. మర ఊడి సగం బ్రష్ గోడలోనే ఉండిపోయింది! దాన్ని తీసిన మనిషికి ఇచ్చిన డబ్బుతో ఇలాంటివి ఆరు కొనొచ్చు. అప్పట్నుంచి కడ్డీల ప్రతి అతుక్కీ టేపు చుడుతున్నాను. మిషన్ వెనకున్న పల్చటి ఫాయిల్ గొట్టాన్ని కూడా ఈ బ్రష్ చీల్చేసింది. దాని బదులు నాలుగంగుళాల గట్టి అల్యూమినియం గొట్టం వేయించాను. అతుకులకి స్క్రూలు వద్దు, లోపలికి పొడుచుకొచ్చిన మొనలకే నూగు పట్టుకుంటుంది. ఫాయిల్ టేపు చాలు. గొట్టం పైకప్పు దాకా వెళ్లే ఇళ్లకి ఈ బ్రష్ కొనమని చెప్పను, మనిషిని పిలవడమే మేలు.

బ్రష్ తీర్చని బెడద ఇంకోటుంది, తలంటు తువ్వాళ్లు. నూనె ఉతికినా పూర్తిగా పోదు. వేడివేడిగా కుప్పపోస్తే ఆ నూనె తనంతట తనే వేడెక్కి, మిషన్ ఆపాక కూడా అంటుకోవచ్చు. “ఇంత ఎండ పెట్టుకుని మిషన్ ఎందుకు బాబూ” అని మా అత్తగారు పెరట్లో దండెం కట్టించారు. కాలనీ హెచ్‌ఓఏ (ఇళ్ల యజమానుల సంఘం) వాళ్ల కంట పడకుండా కంచె కంటే కిందకే కట్టాం లెండి.

ఈ ఏడాది బ్రష్ కుచ్చు ఒక పక్కకి వాలిపోయింది. కుచ్చు విడిగా దొరుకుతోంది, ఆర్డర్ పెట్టాను.