పదేళ్లు విన్నాక 'బ్రేక్ స్టఫ్' గురించి

జాజ్ పియానిస్ట్ విజయ్ అయ్యర్ ట్రియో ఆల్బమ్ 'బ్రేక్ స్టఫ్' వచ్చింది 2015లో. ఆ ఏడాదే సీడీ కొన్నాను. ఇప్పటిదాకా ఎన్నిసార్లు విన్నానో చెప్పలేను గానీ, మొదటి ఏడాది ఎన్నిసార్లు విన్నానో మాత్రం గుర్తుంది. నాలుగుసార్లు. అందులో రెండుసార్లు మధ్యలోనే ఆపేశాను.

మొదటిసారి పెట్టినప్పుడు అసలు శబ్దమే రాలేదు. వాల్యూమ్ పెంచాను. అయినా రాలేదు. వైరు ఊడిందేమోనని వంగి చూస్తుంటే పియానో ఒక్కసారిగా చెవిలో పడింది. ఈ ఆల్బమ్ వేసిన ఈసీఎం కంపెనీకి సీడీ మొదట్లో ఐదు సెకన్లు ఖాళీగా వదిలే అలవాటు ఉందని తర్వాత తెలిసింది. ఇప్పటికీ ఆ ఐదు సెకన్లు నాకు కాస్త టెన్షన్‌గానే ఉంటుంది, చెయ్యి వాల్యూమ్ వైపు వెళ్తుంది.

వాయించేది ముగ్గురే. పియానో అయ్యర్, డబుల్ బేస్ స్టీఫన్ క్రంప్, డ్రమ్స్ మార్కస్ గిల్మోర్. అయ్యర్ తమిళుల ఇంట, అమెరికాలో పుట్టి పెరిగిన అబ్బాయి. చిన్నప్పుడు పద్ధతిగా నేర్చుకున్నది వయొలిన్, పియానో చాలావరకు సొంతంగా పట్టుకున్నదే. యేల్ యూనివర్సిటీలో లెక్కలు, భౌతికశాస్త్రం చదివారు. 2013లో, అమెరికాలో 'జీనియస్ గ్రాంట్' అని పిలిచే మెకార్థర్ ఫెలోషిప్ వచ్చింది, మరుసటి ఏడాది నుంచి హార్వర్డ్‌లో పాఠాలు చెబుతున్నారు. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఆయన పేరు ఎత్తగానే 'ఓ, ఆ లెక్కల మనిషా' అని పక్కన పెట్టేసేవాళ్లు ఉంటారు. మొదట్లో నేనూ ఆ బ్యాచే.

నిజానికి నన్ను ఆయన దగ్గరికి తీసుకొచ్చింది 2012 నాటి ఆల్బమ్ 'యాక్సెలరాండో'. అదే ముగ్గురు. అందులో మైకేల్ జాక్సన్ 'హ్యూమన్ నేచర్' వాయించారు. తెలిసిన పాట కాబట్టి ఎక్కడికి వెళ్లినా వెనక్కి వచ్చేస్తారన్న ధైర్యం ఉండేది. 'బ్రేక్ స్టఫ్'లోనూ అలాంటిదే దొరుకుతుందనుకున్నాను. దొరకలేదు. పన్నెండు ట్రాకులు, గంటా పది నిమిషాలు, పాడుకోవడానికి వీలైన ముక్క ఒక్కటీ లేదు.

నాలుగో ట్రాక్ 'హుడ్' దగ్గర ఓపిక అయిపోయింది. డెట్రాయిట్ టెక్నో అనే ఎలక్ట్రానిక్ డాన్స్ సంగీతంలో పేరున్న రాబర్ట్ హుడ్‌కి నివాళిగా కట్టినదది. ఆయన సంగీతం అంతా యంత్రాల మీద, అతి తక్కువ సరంజామాతో చేసినది. ఈ ముగ్గురూ అదే పనిని చేతులతో చేస్తారు. పియానోలో గుప్పెడు స్వరాలు తిరిగి తిరిగి వస్తూ ఉంటాయి. ఆరు నిమిషాలు. మొదటిసారి విన్నప్పుడు ప్లేయర్ ఇరుక్కుపోయిందనుకున్నాను, అబద్ధం కాదు.

రెండో ఏడాదిలో ఒక రాత్రి బస్సులో, వేరే పనేమీ లేక, పియానోని వదిలేసి డ్రమ్స్‌ని మాత్రమే పట్టుకుని విన్నాను. తొడ మీద వేళ్లతో దరువు వేసుకుంటూ లెక్కపెట్టడం మొదలుపెట్టాను. కాసేపు బాగానే నడిచింది. తర్వాత చూసుకుంటే నేను 'ఒకటి' అన్నచోట గిల్మోర్ ఒకటి అనడం లేదు. సర్దుకున్నాను. మళ్లీ జారింది. ఆయన తప్పుతున్నారా నేను తప్పుతున్నానా అని చూసేసరికి పియానో ఎక్కడిదక్కడే ఉంది, మారిందల్లా దాని కింద బరువు పడే చోటు. అవే స్వరాలు, వేరే చోట ఊతం పడేసరికి వేరే మాటలా వినిపిస్తున్నాయి. మనం మాట్లాడేటప్పుడు 'నువ్వు చెప్పావా' అన్న ఒక్క ముక్కని 'నువ్వు' మీద ఒత్తి ఒకలాగా, 'చెప్పావా' మీద ఒత్తి ఇంకోలాగా అడుగుతాం కదా, అలాగ. ఆ రాత్రి ఆ ట్రాక్ మూడుసార్లు విన్నాను. దిగాల్సిన స్టాపు దాటిపోలేదు గానీ, దాటిపోయేదే.

ఆల్బమ్ పేరులో బ్రేక్ అంటే పగలగొట్టడం అని నేను చాలాకాలం అనుకున్నాను. అది కాదు. పాత ఫంక్ (దరువే ప్రధానమైన డాన్స్ సంగీతం) రికార్డుల్లో పాటా, మిగతా వాద్యాలూ ఆగిపోయి డ్రమ్స్ మాత్రం మిగిలే చోటు ఉంటుంది, దాన్నే బ్రేక్ అంటారు. హిప్‌హాప్ డీజేలు అదే ముక్కని పట్టుకుని సాగదీశారు, బ్రేక్ డాన్స్ పేరూ అక్కడిదే. అయ్యర్ చెప్పేదీ ఇదే: సంగీతంలో ఖాళీ కూడా సంగీతమే, ఏదైనా చెయ్యడానికి దొరికిన వ్యవధి అది. ఇది తెలిశాక పాటలు మారలేదు గానీ నేను వినే చోటు మారింది. సోలో కోసం ఎదురుచూడటం మానేశాను. ఇందులో ఒకళ్లు ముందుకొచ్చి తమ విద్యంతా చూపించి చప్పట్లు తీసుకుని వెనక్కెళ్లే పద్ధతి చాలా తక్కువ. ఒకరు వదిలిన సందులో ఇంకొకరు దూరతారు, ఎంతసేపు విన్నా అదే పని.

ఇప్పుడు నా పరువు తక్కువ కథ ఒకటి చెప్పాలి. పదకొండో ట్రాక్ 'కౌంట్‌డౌన్'. సాక్సోఫోన్ విద్వాంసుడు జాన్ కోల్ట్రేన్ 'జెయింట్ స్టెప్స్' ఆల్బమ్‌లో ఇది రెండున్నర నిమిషాలు కూడా ఉండదు, ఊపిరి తీసుకోనివ్వదు. ఈ ముగ్గురూ దాన్ని విప్పి, లయనంతా కొత్తగా వేసుకుని, నింపాదిగా సాగనిచ్చారు. దాని మధ్యలో ఒకచోట పియానో ముక్క టక్కున ఆగి, అరక్షణం వెనక్కెళ్లి, మళ్లీ అందుకునేది. నాకు ప్రాణం ఆ చోటంటే. బ్రేక్ అంటే ఇదిరా అని ఒక మిత్రుడికి గంటసేపు ఫోన్లో వివరించాను కూడా. వాడు ఆల్బమ్ డౌన్‌లోడ్ కొనుక్కుని విని, 'అలాంటిదేం లేదే' అన్నాడు. సరిగ్గా వినలేదన్నాను. వాడూ ఊరుకున్నాడు.

2017 నవంబర్‌లో ఈసీఎం తన ఆల్బమ్‌లన్నిటినీ మొదటిసారి స్ట్రీమింగ్‌లో పెట్టింది. ఫోన్లో 'కౌంట్‌డౌన్' పెట్టి ఆ చోటు కోసం కాచుకుని కూచున్నాను. రాలేదు. మళ్లీ పెట్టాను. రాలేదు. లేచెళ్లి సీడీ తీసి లైటుకి అడ్డంగా పట్టుకుని చూస్తే బయటి అంచు దగ్గర వేలిముద్రలు, వాటి పక్కనే సన్నటి గీత. సీడీ లోపలి నుంచి బయటికి చదువుకుంటూ వస్తుంది కాబట్టి మనం పట్టుకునే అంచు దగ్గర ఉండేవి చివరి ట్రాకులే. అంటే రెండేళ్లు నేను మెచ్చుకున్నది ఈ ముగ్గురినీ కాదు, ఆ గీతని. మిత్రుడికి ఈ విషయం చెప్పడానికి ఇంకో ఏడాది పట్టింది.

నన్ను సమర్థించుకోవడానికి కాదు గానీ, ఈ ఆల్బమ్‌లో గీత ఏదో లయ ఏదో తెలియకపోవడానికి ఆస్కారం ఉంది. ఇంకే ఆల్బమ్‌లోనూ నేనిలా మోసపోలేదు.

మిగతా ట్రాకుల సంగతి. 'స్టార్లింగ్స్', 'గీస్', 'రెన్స్' పిట్టల పేర్లు, టెజు కోల్ నవల 'ఓపెన్ సిటీ' స్ఫూర్తితో అయ్యర్ పెద్ద బృందానికి రాసిన దాంట్లోంచి తీసినవి. 'స్టార్లింగ్స్' ఆల్బమ్‌కి మంచి గుమ్మం. 'వర్క్' పాతతరం జాజ్ పియానిస్ట్ థెలోనియస్ మంక్‌ది, కొత్తవాళ్లు ఇక్కడ మొదలుపెడితే తక్కువ బెదురుతారు. 'మిస్టరీ వుమన్' నడక దక్షిణాది మృదంగం లెక్కలకి రుణపడింది. కర్ణాటక కచేరీల్లో తని ఆవర్తనం (మృదంగం లాంటి తాళవాద్యాలు మాత్రమే వాయించే భాగం) అలవాటున్న చెవికి ఈ ట్రాక్ మిగతావాటికన్నా ముందే దొరుకుతుంది, నాకూ అంతే అయింది. 'కోరాల్', 'టేకింగ్ ఫ్లైట్' పదేళ్లయినా నాకు గుర్తుండవు. మొదటి అరనిమిషం వినిపించి ఏది ఏదో చెప్పమంటే ఇప్పటికీ తడుముకుంటాను. గంటా పది నిమిషాలు ఎక్కువైందనే నా అభిప్రాయం, ఓ పావుగంట కోసేసి ఉండాల్సింది.

'బ్లడ్ కౌంట్' మీద మాత్రం నాకు గట్టి ఫిర్యాదుంది. జాజ్ బృంద నాయకుడు డ్యూక్ ఎల్లింగ్టన్ కుడిభుజం లాంటి బిల్లీ స్ట్రేహార్న్ 1967లో క్యాన్సర్‌తో ఆసుపత్రిలో ఉండగా పూర్తిచేసిన పాట అది, ఆయన చివరిది. ఇక్కడ అయ్యర్ ఒక్కరే పియానో మీద వాయించారు. శుభ్రంగానే ఉంది. కానీ ఆ పాట సాక్సోఫోన్‌ది. స్ట్రేహార్న్ పోయాక ఎల్లింగ్టన్ చేసిన ఆల్బమ్‌లో జానీ హాడ్జెస్ దాన్ని వాయించారు. ఒక స్వరాన్ని పట్టుకుని, కిందకి జార్చి, మళ్లీ ఉబ్బించి, గొంతు పూడుకుపోయిన మనిషిలా వదులుతారు. పియానోలో మీట నొక్కిన క్షణం నుంచే స్వరం చచ్చిపోవడం మొదలవుతుంది, దాన్ని వంచలేం, పెంచలేం. అయ్యర్ ఎంత పెద్ద విద్వాంసుడైనా ఆ వాద్యం స్వభావాన్ని దాటలేకపోయారు. ఈ ట్రాక్ వచ్చినప్పుడు సగంసార్లు హాడ్జెస్‌ని వెతుక్కుని అటు వెళ్లిపోతాను.

ఎలా వినాలో రెండు ముక్కలు, ఎందుకంటే ఇక్కడ తేడా చాలా ఉంటుంది. ఫోన్ స్పీకర్లో వినకండి. డబుల్ బేస్ అట్టడుగు తీగ 41 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది, ఫోన్‌కి అంత కిందికి దిగే శక్తి లేదు. అంటే క్రంప్ దాదాపు మాయమైపోతారు, పియానో డ్రమ్స్ రెండూ ఒకదానికొకటి సంబంధం లేనట్టు వినిపిస్తాయి. అలాగని బేస్ పెంచే బటన్ ఉన్న హెడ్‌ఫోన్‌తోనూ సుఖం లేదు. ఒకటి కొని ఆరు నెలలు వాడాను, ఆ బటన్ నొక్కితే బేస్ స్వరం స్వరంగా కాకుండా గది మొత్తం ఊగినట్టు వచ్చేది. సర్వీస్ సెంటర్లో చెబితే 'అదే సార్ ఫీచర్' అన్నారు. ఇప్పుడు మామూలు వైరు హెడ్‌ఫోన్‌తో వింటున్నాను, ఏ బటనూ లేదు.

స్ట్రీమింగ్ యాప్‌లతో ఇంకో పేచీ. ఎవరు ఏ వాద్యం వాయించారో చూడాలంటే వెతుక్కోవాలి, కొన్నింట్లో అసలుండదు. సినిమా పాటకైతే గాయకుల పేరు తెలిస్తే చాలేమో. జాజ్‌లో డ్రమ్స్ ఎవరన్నది తెలియకపోతే ఏం విన్నట్టు? సీడీ పుస్తకంలో గిల్మోర్ పేరు చూడబట్టే నేను వెతుక్కుంటూ వెళ్లాను. ఆయన పాతతరం డ్రమ్మర్ రాయ్ హేన్స్ మనవడని అలాగే తెలిసింది. సాక్సోఫోన్ దిగ్గజాలు చార్లీ పార్కర్ పక్కన, కోల్ట్రేన్ పక్కన వాయించిన హేన్స్, 2024 నవంబర్‌లో తొంభై తొమ్మిదేళ్ల వయసులో పోయారు. తాత స్నేర్ డ్రమ్ మీద కొట్టే చురుకు దెబ్బలు విన్నాక మనవడి చెయ్యి ఇంకాస్త అర్థమైంది.

అదే 2015లో సాక్సోఫోన్ వాయించే కమాసి వాషింగ్టన్ ఆల్బమ్ 'ది ఎపిక్' కూడా కొన్నాను. మూడు సీడీలు, మూడు గంటలకి కాస్త తక్కువ, కోరస్, తీగవాద్యాలు, ఇద్దరు డ్రమ్మర్లు. మొదటి నెలంతా అదే. కనిపించిన వాళ్లందరికీ వినిపించాను, 'బ్రేక్ స్టఫ్' షెల్ఫులో దుమ్ముకొట్టుకుంది. ఇప్పుడు 'ఎపిక్' మొత్తం విని ఏళ్లయింది. చెడ్డదని కాదు. అందులోని 'హెన్రియెటా అవర్ హీరో' ఎప్పుడు విన్నా బాగుంటుంది. కానీ అది ఇవ్వాల్సిందంతా మొదటి నెలలోనే చేతిలో పెట్టేసింది.

ట్రియో విషయానికొస్తే, 2021లో అయ్యర్ 'అనీజీ' వచ్చింది, ఈసారి బేస్ లిండా మే హాన్ ఓ, డ్రమ్స్ టైషాన్ సోరీ. తర్వాత 2024లో సంగీత రచనకి పులిట్జర్ అందుకున్న సోరీయే ఈయన. ఈ ఆల్బమ్ నాకు మొదటి రోజే నచ్చేసింది, అదే కాస్త అనుమానంగా ఉంది. గిల్మోర్ నేల మీద గీతలు గీసి వాటి మధ్య గంతులేసే రకం. సోరీ గీత గీయరు, నేలే కదులుతున్నట్టు ఉంటుంది. అమెరికాలో ఫ్లింట్ ఊరి పిల్లలకి మురికి నీళ్లు తాగించిన ఉదంతం మీద కట్టిన 'చిల్డ్రన్ ఆఫ్ ఫ్లింట్' ఇందులోనే ఉంది, కోపం ఎక్కడా అరుపుగా మారదు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఎవరైనా అడిగితే ముందు 'అనీజీ' వినమంటాను, 'బ్రేక్ స్టఫ్' తర్వాత.

సీడీ సంగతి అడుగుతారేమో, ఆ గీత పడిన కాపీ ఇంకా ఉంది. మిత్రుడు పుట్టినరోజుకి కొత్తది కొనిచ్చాడు, లోపల చీటీ మీద 'ఇందులో లేదు చూసుకో' అని రాసి.

'అనీజీ' ముగ్గురే చేసిన 'కంపాషన్' 2024లో వచ్చింది. ఇప్పటికి పది పన్నెండుసార్లు విన్నాను. దాని గురించి ఇప్పుడే ఏమీ రాయను.