శివారు దాకా వచ్చిన ట్రామ్, ఆరు నెలలు తిరిగాక నా రివ్యూ

మా శివారు దాకా లైన్ పొడిగించాక రోజూ ట్రామ్‌లోనే వెళ్తున్నా, చాలా బాగుంది. లో ఫ్లోర్ కాబట్టి మోకాళ్ల నొప్పులున్న మా అమ్మ కూడా ఎవరి చెయ్యీ పట్టుకోకుండా ఎక్కేస్తోంది, ప్లాట్‌ఫామ్‌కీ డోర్‌కీ మధ్య వేలెడు సందు అంతే. బయట పట్టాలకి సొంత దారుంది, మధ్యలో పచ్చగడ్డి, కార్లు అడ్డం రావు కాబట్టి జోరుగా పోతుంది, సిటీలోకి రాగానే మాత్రం ప్రతి సిగ్నల్ దగ్గరా ఆగుడే, ట్రామ్‌కి ముందు గ్రీన్ ఇస్తే సగం బాధ తీరుతుంది. రాత్రి తొమ్మిది దాటితే అరగంటకొకటి, ఇది మార్చాలి. జర్మనీలో కార్ల్స్‌రూవేలో 1992 నుంచే ట్రామ్‌లు మామూలు రైలు పట్టాలెక్కి పక్క ఊళ్లకి పోతున్నాయి, మధ్యలో దిగి మారే పనే లేదు. మా దగ్గరా పాత రైలు లైన్ ఖాళీగా ఉంది, తర్వాతి పొడిగింపు అటు వెయ్యండి ప్లీజ్.